దాహం అల్లరి కాదమ్మా

పాఠకుల ప్రశ్నలకు విజయవాడ హార్మోన్ల వైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది గుంటూరు. మా పాపకి తొమ్మిదేళ్ళు. పోయినేడు మాటిమాటికీ తలనొప్పి అంటుంటే బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాం. బోర్డు కనబడటం లేదంటే కళ్ళజోడు పెట్టించాం. ఆర్నెల్లలో అద్దాలు రెండుసార్లు మార్చాం. చివరికి ఎమ్మారై తీయిస్తే మెదడులో గడ్డ ఉందని, దాని పేరు క్రేనియోఫారింజియోమా అని చెప్పారు. నాలుగు నెలల కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కంటి నరానికి అతుక్కున్న ముక్క కొంత వదిలేశారు, దానికి రేడియేషన్ ఇవ్వాలంటున్నారు. ముక్కులో కొట్టే స్ప్రే అయిపోయింది, మా వీధి మందుల షాపులో దొరకలేదు. అప్పట్నుంచీ పాప నీళ్ళ మీద నీళ్ళు తాగుతోంది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తోంది. డిశ్చార్జి కాగితంలో ‘డయాబెటిస్’ అని ఉంది, చూపిస్తే షుగర్ నార్మల్ వచ్చింది. నీళ్ళు తగ్గిస్తే అదే అలవాటవుతుందని మా అత్తగారు రాత్రి ఏడు దాటాక నీళ్ళివ్వనివ్వడం లేదు. స్టెరాయిడ్ మాత్ర జీవితాంతం వాడాలట. కిడ్నీలు పోతాయని అందరూ అంటుంటే భయమేసి సగమే వేస్తున్నాను. పాప ఒళ్ళు కూడా చేస్తోంది. ఇది కేన్సరా? కడుపులో ఉన్నప్పుడే వచ్చి ఉంటుందని ఎవరో అన్నారు. నేనేం తప్పు చేశాను?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఉత్తరం చివర ఫోన్ నంబరు రాసి మంచిపని చేశారు. చదివిన వెంటనే మీతో మాట్లాడి, పాపకి నీళ్ళు ఆపొద్దని, మాత్ర సగం చేయొద్దని అప్పుడే చెప్పాను. ఆ సాయంత్రమే మీరు రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఎంతుందో చూపించారు. 151 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య. స్ప్రే మళ్ళీ మొదలైంది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఈ జబ్బు పేరు విన్న ఇల్లు మన రెండు జిల్లాల్లో ఎక్కడో ఇంకొకటి ఉంటుంది, వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు మీ చివరి ప్రశ్న. మీరు ఏ తప్పూ చేయలేదు. బిడ్డ కడుపులో పడిన నాలుగో వారంలో, చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియని రోజుల్లో, నోటి పైకప్పు నుంచి చిన్న సంచిలాంటిది పైకి లేచి మెదడు కిందికి చేరుతుంది. ఒంట్లో హార్మోన్లని నడిపే పిట్యూటరీ గ్రంథి ముందుభాగం దాంతోనే తయారవుతుంది. ఆ దారిలో కొన్ని కణాలు కరిగిపోకుండా మిగిలిపోతే, ఎప్పుడో అవి గడ్డగా పెరుగుతాయి. మీరు తిన్నదానికీ, గ్రహణానికీ, సెల్‌ఫోనుకీ దీంతో సంబంధం లేదు. వంశంలో వచ్చేదీ కాదు. పది లక్షలమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో, ఒక్కోచోట అంతకంటే తక్కువమందికే వస్తుంది.

కేన్సర్ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది గ్రేడ్ 1, ఊపిరితిత్తులకో కాలేయానికో పాకేది కాదు. అలాగని ‘మామూలు గడ్డే’ అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది కూర్చునే చోటు అలాంటిది. పైన కంటి నరాలు కలిసే కూడలి, పక్కనే పిట్యూటరీ, వెనక హైపోథాలమస్ అనే మెదడు భాగం. దాహం, ఆకలి, నిద్ర, ఒంటి వేడి, ఎదుగుదల అన్నీ ఆ బొటనవేలంత జాగాలోనే ఉన్నాయి. పిల్లల్లో వచ్చే రకంలో సున్నపు పెచ్చులుంటాయి, నీటితిత్తులుంటాయి. ఆ తిత్తిలో ఉండే ద్రవాన్ని సర్జన్లు పాత ఇంజన్ ఆయిల్‌తో పోలుస్తారు. చిక్కగా, గోధుమరంగులో, కొలెస్ట్రాల్ పలుకులతో మెరుస్తూ ఉంటుంది. గడ్డ గోడ చుట్టుపక్కలకి జిగురులా అతుక్కుంటుంది. మీ సర్జన్ కొంత వదిలేశారంటే చేతకాక కాదు, పాప చూపు కోసం, హైపోథాలమస్ కోసం ఆగారు. ఆయన మీద మీకున్న అనుమానం తీసేయండి.

ఇక దాహం. దీని గురించి ఎక్కువ రాస్తాను, కారణం ఉంది.

మా పెద్దమ్మ కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్ద. గుంటూరు పట్నంబజారులో వాళ్ళిల్లు. 1991 వేసవిలో అన్నయ్యకి పదకొండేళ్ళు. వంటింటి గుమ్మం పక్కన ఇసకలో పెట్టిన కుండ ఉండేది. రాత్రి అందరూ పడుకున్నాక ఆ కుండ మీద మూత కదిలిన చప్పుడయ్యేది. తెల్లారేసరికి కుండ ఖాళీ, పక్క తడి. అంత పెద్దపిల్లాడు పక్క తడపడమేంటని కొట్టారు కూడా. కుండని ఎత్తి బీరువా మీద పెట్టారు. ఆ రాత్రి వాడు పెరట్లో మొక్కలకి పెట్టిన బకెట్లో నీళ్ళు తాగడం నేను చూశాను. దోసిలితో కాదు, బకెట్టు మీద వంగి, మూతి పెట్టి. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు. ఆ తర్వాత క్లాసులో మూడో బెంచీ నుంచి మొదటి బెంచీకి మార్చారు, తోటిపిల్లలు ఎదిగిపోయి వీడు ఎదగలేదు. తలుపు తీసి ఉన్నా భుజం గుమ్మానికి కొట్టుకునేవాడు. 1992లో హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీస్తే అప్పుడు తెలిసింది, మీ పాపకున్నదే. నేను హార్మోన్ల డాక్టరునయ్యింది ఆ బకెట్ వల్లే.

నీళ్ళు ఒంట్లో నిలబెట్టమని కిడ్నీలకి చెప్పే హార్మోను ఒకటుంది, వాసోప్రెసిన్. హైపోథాలమస్‌లో తయారై పిట్యూటరీ వెనకభాగం నుంచి రక్తంలోకి వస్తుంది. గడ్డ వల్లో, ఆపరేషన్ వల్లో అది ఆగితే కిడ్నీలు అడుగు పగిలిన కుండల్లా కారిపోతాయి. పాప నీళ్ళు తాగడం వల్ల మూత్రం ఎక్కువ రావడం కాదు, మూత్రం పోతోంది కాబట్టి తాగుతోంది. మీ అత్తగారికి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించండి. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కానీ నీళ్ళు ఆపితే రక్తంలో ఉప్పు పెరిగి పిల్ల మత్తుగా అయిపోతుంది, ఫిట్స్ రావచ్చు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన గుంటూరులో అయితే ఒక్క పూట చాలు.

దీనికి డయాబెటిస్ ఇన్సిపిడస్ అనే పేరు పెట్టారు. షుగర్ జబ్బు డయాబెటిస్ మెల్లిటస్. డయాబెటిస్ అంటే గ్రీకులో గుండా ప్రవహించిపోవడం, రెండింటిలోనూ మూత్రం ఎక్కువే గనక ఒకే ఇంటిపేరు వచ్చింది, అంతకుమించి చుట్టరికం లేదు. ఈ పేరు వల్ల ఆసుపత్రుల్లో పొరపాట్లు జరుగుతున్నాయని 2022లో ప్రపంచంలోని హార్మోన్ల వైద్య సంఘాలు కలిసి దీన్ని ‘ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ’గా మార్చాయి. మీ పాప కాగితాల మీద ఎర్రపెన్నుతో ‘షుగర్ జబ్బు కాదు’ అని పెద్దక్షరాలతో రాయండి. ఎవరేమనుకున్నా సరే.

స్ప్రేలో ఉండేది డెస్మోప్రెసిన్, ఆ హార్మోనుకి బదులు మందు. మాత్రగానూ దొరుకుతుంది. వీధిచివర షాపులో దొరక్కపోవచ్చు, పెద్దాసుపత్రుల ఎదుట ఉండే షాపుల్లో, మీ కొత్తపేటలో, ఇక్కడ మా సూర్యారావుపేటలో చెప్పి పెడితే తెప్పిస్తారు. ఒకటి వాడుతుండగానే రెండోది ఇంట్లో ఉండాలి. కొన్ని కంపెనీలవి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, కొన్నిటికి అక్కర్లేదు, డబ్బా మీద చదవండి. పాపకి జలుబు చేసి ముక్కు కారుతుంటే స్ప్రే సరిగా ఎక్కదు. ఆ నాలుగురోజులూ మాత్రకి మారాలా అని డాక్టర్ని అడగండి.

ఒక హెచ్చరిక. మందు పనిచేస్తున్నప్పుడు దాహం లేకపోయినా గ్లాసులు గ్లాసులు పట్టించకూడదు. నీళ్ళు లోపలే నిలిచిపోయి సోడియం పడిపోతుంది. అప్పుడూ తలనొప్పి, వాంతులు, ఫిట్సే. అందుకే ఒక డోసు ప్రభావం తగ్గి, మూత్రం మళ్ళీ ధారాళంగా వచ్చాకే తర్వాతి డోసు వేయమంటాం.

ఇది కంటిచూపుతో అంచనా వేసే పని కాదు, పుస్తకం పెట్టండి. మా పెద్దమ్మ పెట్టిన పొడుగు నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎడమవైపు ‘లోపలికి’, కుడివైపు ‘బయటికి’. వంటింటి స్టీలు గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో మా పెదనాన్న కొలిచి మొదటి పేజీలో రాశారు: 220. మజ్జిగ, చారు, పుచ్చకాయ ముక్కలు కూడా ఎక్కించేవారు. ఒకచోట ‘రాత్రి 2 గం. — 400. దాహం లేదన్నాడు’ అని ఉంది, పక్కన నూనెమరక. నా దగ్గరకొచ్చే ప్రతి తల్లికీ ఆ పేజీ చూపిస్తాను. మీరూ అలాగే రాయండి, దాంతోపాటు రోజూ పొద్దున్నే ఒకే మెషీన్ మీద బరువు. ఉన్నట్టుండి ఒక్కరోజులో కిలో తేడా వస్తే అది కొవ్వు కాదు, నీళ్ళు. డాక్టరుకి ఫోన్ చేయండి.

స్టెరాయిడ్ మాట చెబుతాను. కిడ్నీల భయం మీ ఒక్కరిదే కాదు, నా గదిలో రోజూ వినే మాటే. కీళ్ళనొప్పులకో ఉబ్బసానికో పెద్ద మోతాదులో నెలలతరబడి వాడే స్టెరాయిడ్లు వేరు. మీ పాపకిచ్చే హైడ్రోకార్టిసోన్, మీ ఒంట్లో నా ఒంట్లో ప్రతి తెల్లవారుజామునా దానంతటదే ఊరే కార్టిసాల్ అనే హార్మోనే. పాప ఒంట్లో దాన్ని ఊరించమని చెప్పే పిట్యూటరీ పనిచేయడం లేదు, మనం బయట్నుంచి ఇస్తున్నాం. పొద్దున నిద్రలేవగానే ఎక్కువ, మధ్యాహ్నం, సాయంత్రం తక్కువ, ఒంటి లెక్క ప్రకారమే. థైరాయిడ్ మాత్ర కూడా రాశారు కదా. కార్టిసాల్ చాలకుండా థైరాయిడ్ మాత్ర ఒక్కటే పడితే మనిషి కుప్పకూలే ప్రమాదముంది, సగం మాత్ర వద్దని నేను ఫోన్‌లో గట్టిగా చెప్పింది అందుకే.

మామూలు పిల్లలకి జ్వరమొస్తే శరీరమే కార్టిసాల్ పెంచుకుంటుంది. మీ పాప ఒంట్లో అది జరగదు, మీరే పెంచాలి. జ్వరమొస్తే రోజువారీ డోసుకి రెండింతలు, జ్వరం ఎక్కువైతే మూడింతలు వేయమని సాధారణంగా చెబుతాం. మీ పాపకి ఎంతో మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. వాంతులై మాత్ర నిలవకపోతే, స్పృహ మందగిస్తే, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే కండలోకి పడాలి. ఈ వయసు పిల్లలకి 50 నుంచి 100 మిల్లీగ్రాములు, ఇదీ రాయించుకోండి. ఆసుపత్రికి వెళ్ళేదాకా ఆగొద్దు. వేయడం మీరు, మీ ఆయన, వీలైతే అత్తగారు కూడా నేర్చుకోండి. పొడి సీసాలో నీళ్ళు కలిపి సిరంజిలోకి లాగడం చూపించి, గుచ్చడం నారింజపండు మీద సాధన చేయిస్తాం, రెండు పూటల్లో వచ్చేస్తుంది.

1998లో మా బంధువుల పెళ్ళిలో అన్నయ్యకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వేరే ఊరు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే కాగితంలో డయాబెటిస్ అన్న మాట చూసి షుగర్ పరీక్షలు మొదలుపెట్టారు, వాడి ముక్కుమందు ఆపేశారు, స్టెరాయిడ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు నేను మెడిసిన్ చేరలేదు, చేతిలో పెళ్ళి పూలదండతో మంచం పక్కన నిలబడి ఉన్నాను. వాడి పెదాలు తెల్లబడిపోయాయి, పిలిస్తే పలకడం లేదు. పెద్దమ్మ చేతిసంచీలోంచి ఇంజెక్షన్ తీసి నర్సు చేతిలో పెట్టి, ‘నా పూచీ, వేసెయ్యమ్మా’ అంది. ఆ అమ్మాయి వేసింది. సెలైన్ కూడా ఎక్కిస్తే గంటన్నరకి కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. అన్నయ్య ఇప్పుడు గుంటూరులోనే పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. పక్కచూపు తక్కువ, బండి నడపడు. షాపులో జిగురుడబ్బా పెట్టే సొరుగులోనే ఇంజెక్షన్ కూడా ఉంటుంది.

అందుకే బడిసంచీలో ఒక కార్డు లామినేట్ చేయించి పెట్టండి. జబ్బు పేరు, మందులు, ఇంజెక్షన్ డోసు, మీ నంబరు, డాక్టరు నంబరు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. నీళ్ళసీసాకీ, బాత్రూముకీ అడక్కుండా వెళ్ళనివ్వమని హెడ్మాస్టరుకి ఉత్తరం ఇవ్వండి. పరీక్ష రోజున కూడా అని అందులోనే రాయండి.

ఒళ్ళు చేయడం గురించి రాయాలంటే నాకే బాధగా ఉంటుంది. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు సగంమందికి బరువు పెరుగుతుంది. కడుపు నిండిందని చెప్పే చోటే దెబ్బతింటే పిల్లకి నిజంగానే ఆకలి తీరదు. ఒళ్ళు ఖర్చుచేసే శక్తి కూడా తగ్గిపోతుంది, తక్కువ తిన్నా బరువెక్కుతుంది. తిండిపోతు అనకండి, ఎవర్నీ అననివ్వకండి. పాపకొక్కదానికే పత్యం పెట్టి, ఎదురుగా మిగతావాళ్ళు పునుగులు తినడం చేయొద్దు. ఇల్లంతా ఒకే వంట తినండి. తినుబండారాలు కంటికి కనబడేచోట ఉంచొద్దు, సాయంత్రం అరగంట పాపతో కలిసి నడవండి. స్టెరాయిడ్ డోసు అవసరానికి మించి ఉందేమో డాక్టరుతో చూపించుకోండి, తగ్గించేది మాత్రం ఆయనే.

రేడియేషన్ వద్దనుకోకండి. ముక్క మిగిలి, రేడియేషన్ ఇవ్వకపోతే సగానికి మించిన పిల్లల్లో గడ్డ మళ్ళీ పెరుగుతుంది. సాధారణంగా 54 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), 30 విడతలుగా, వారానికి ఐదురోజుల చొప్పున ఆరు వారాలు. ఒక్కో విడత కొన్ని నిమిషాలే, నొప్పి ఉండదు, ముఖానికి బిగించే వలలాంటి మాస్కుకి మాత్రం పిల్లలు భయపడతారు. ముందురోజే చూపించి ముట్టుకోనివ్వండి. ఆ ఆరు వారాల్లో నీటితిత్తి ఉబ్బవచ్చు, తలనొప్పీ వాంతులూ వస్తే రేడియేషన్ వల్లే అని సర్దుకోకుండా స్కాన్ అడగండి. చుట్టుపక్కల మెదడుకి తక్కువ తగిలే ప్రోటాన్ చికిత్స చెన్నైలో 2019 నుంచి ఉంది. ఖర్చు చాలా ఎక్కువ. మామూలు రేడియేషన్ కూడా ఇప్పుడు గురి చూసి ఇస్తున్నారు, అప్పుచేసి ప్రోటానే కావాలని నేను చెప్పను. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఏది వస్తుందో ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గర ముందే కనుక్కోండి.

పక్కచూపు పరీక్ష, అదే ఫీల్డ్ టెస్ట్, కొన్ని నెలలకొకసారి చేయించాలి. కళ్ళజోడు అద్దాలతో తేలేది కాదిది. చూపు బాగా తగ్గి ఉంటే వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌కి వెళ్ళడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా రెండువైపులా తిప్పి చూడటం పాపకి ఇప్పట్నుంచే అలవాటు చేయండి.

ఎదుగుదల హార్మోను ఇంజెక్షన్ వల్ల గడ్డ మళ్ళీ వస్తుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి, పరిశోధనల్లో అలా తేలలేదు. గడ్డ కుదురుగా ఉందని చూసుకోవడానికి చాలామంది డాక్టర్లు ఏడాదిదాకా ఆగి మొదలుపెడతారు. పదకొండు పన్నెండేళ్ళకి ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ళ హార్మోను చిన్న మోతాదులో ఇస్తే మిగతా ఆడపిల్లల్లాగే పెద్దమనిషవుతుంది. ఫోన్‌లో మీరు అడగలేక ఆగిపోయిన ప్రశ్నకి కూడా జవాబు రాస్తున్నాను. గర్భసంచి, అండాశయాలు బాగానే ఉంటాయి, వాటికి అందాల్సిన కబురు మాత్రమే ఆగింది. పెళ్ళయి పిల్లలు కావాలనుకున్ననాడు ఆ కబురు ఇంజెక్షన్ల రూపంలో అందించవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్ళు, విజయవాడ. చూపు తగ్గితే స్కాన్ తీసి, ముక్కులోంచి ఆపరేషన్ చేశారు. బయాప్సీలో క్రేనియోఫారింజియోమా, పాపిల్లరీ రకం అని వచ్చింది. కొంత గడ్డ మిగిలింది. దీనికి మాత్రలు వచ్చాయంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిజమే బాబూ. పాపిల్లరీ దాదాపుగా పెద్దవాళ్ళలోనే వస్తుంది, వాటిలో అత్యధికంగా బీరాఫ్ వి600ఈ అనే జన్యుమార్పు ఉంటుంది. ఆ మార్పుని అడ్డుకునే వెమురాఫెనిబ్, దాని తర్వాతి మెట్టుని అడ్డుకునే కోబిమెటినిబ్ అనే రెండు మందుల్ని కలిపి ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 2023లో వెలువడింది. 16 మందికి ఇస్తే 15 మందిలో గడ్డ బాగా తగ్గింది, సగంమందిలో 91 శాతమో అంతకంటే ఎక్కువో. చిన్న అధ్యయనమే, కానీ ఇంత అరుదైన జబ్బులో అది మా అందరికీ పెద్ద వార్త. ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, గుండె, కళ్ళ ఇబ్బందులు రావచ్చు, ఖర్చూ ఎక్కువే. రేడియేషన్‌కి ముందా, తర్వాతా, అసలు కావాలా అన్నది న్యూరోసర్జన్, కేన్సర్ డాక్టర్, హార్మోన్ల డాక్టర్ ముగ్గురూ కలిసి చెప్పాల్సింది. పైన రాసిన తల్లికి ఒక మాట: పిల్లల్లో వచ్చే రకంలో ఈ మార్పు ఉండదు, ఈ మందులు మీ పాపకి కావు.

బాబూ, మీరు ఈ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. బయాప్సీ చేసిన ల్యాబుకి వెళ్ళి, నాన్నగారి ముక్కని మైనంలో పోసి దాచిన దిమ్మ ఉంటుంది, దాన్ని పారాఫిన్ బ్లాక్ అంటారు, నంబరుతో సహా అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. దాని మీదే బీరాఫ్ పరీక్ష చేస్తారు. ఇంటికి తెచ్చాక ఎండ తగలని చోట, చల్లగా ఉంచండి. మైనం కదా, కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయకండి.